నిమిషానికి ఆరు చుట్లు

షిఫ్టుకో అరగంట దాన్ని తిప్పాలి.
లేకపోతే వంగిపోతుంది.
ఎవరూ కొట్టనక్కర్లేదు,
తన బరువుకి తానే,
వెంట్రుక మందం.
ఆ వెంట్రుక చాలు
గ్యాస్ వచ్చిన రోజున హాలంతా వణకడానికి.

మూడు వేలు తిరగాల్సిన షాఫ్టు
నిమిషానికి ఆరు చుట్లు తిరుగుతుంది,
పొద్దుపోని మనిషి
వేలికున్న ఉంగరం తిప్పుకున్నట్టు.

రిజిస్టర్లో రాస్తాను:
గ్యాస్ ఫ్లో, లేదు.
లోడు, సున్నా.
ఆయిల్ టెంపరేచర్, నలభై రెండు.
రిమార్క్స్ గడిలో
రాఘవాచారి గారు రిటైరయ్యే ముందు ఒకసారి
"పిచ్చుకలు" అని రాశారు.
హెడ్డాఫీసు నుంచి ఫోను: పిచ్చుకలంటే ఏమిటి?
పిచ్చుకలేనండీ, అన్నారాయన,
గాలి ఫిల్టర్లలో గూడు కట్టాయి.

పక్కనే బొగ్గు స్టేషను.
రాత్రీ పగలూ దగ్గుతూనే పని చేస్తుంది.
దాని బూడిద మా కిటికీల మీద.
మాది సన్నజాతి,
పొగా రాదు, పనీ రాదు.

గొట్టం తూర్పు నుంచి వస్తుంది.
కొబ్బరి తోటల కింద, రొయ్యల చెరువుల కింద,
గోదారి కింద, రోడ్ల కింద,
ఎవరి కలలోకీ రాకుండా పాక్కుంటూ వచ్చి
ఇబ్రహీంపట్నంలో మా గేటు లోపల తలెత్తుతుంది,
పసుపు రాసిన గడపలా.

ఆ గొట్టం బయలుదేరిన చోటు నుంచే
ఫిట్టరు సత్యానందం కూడా బయలుదేరాడు.
"మా సేలో బోరేసినప్పుడు తొమ్మిదో క్లాసండి నేను.
ఊళ్ళో కరెంటు పోయేది, మంట పోయేది కాదు.
ఆ మంట ఎలుగులోనే పదో క్లాసు గట్టెక్కేను.
కోళ్ళకి పొద్దు తెలిసేది కాదండి,
అర్ధరాత్రి కూసేసేవి.
మా గేసు ఎక్కడికెళ్తందో సూద్దారని
ఈ ఉజ్జోగంలో సేరేను, జుబేదా గారూ.
ఇక్కడికీ రాలేదండి. ఆయ్."

నవ్వాడు. నేను నవ్వలేదు.
తర్వాత నేను నవ్వాను, అతను ఆపేశాక.

నడిచిన రోజులు నాకు చర్మంలో గుర్తు.
మే నెల, రాళ్ళు పగిలే బెజవాడ ఎండ,
ప్రెషర్ తగ్గించే వాల్వు మీద మాత్రం
కూజాకి పట్టినట్టు చెమట,
దాని మీద ఒక్కోసారి తెల్లగా మంచు.
కాల్చడానికి వచ్చిన గ్యాసు
అంత చల్లగా వచ్చేది.
టిఫిన్ బాక్సులో మామిడి ముక్కలు అక్కడ ఆనించి
పన్నెండింటికి తినేవాళ్ళం.
రాఘవాచారి గారు కళ్ళజోడు తీసి
నుదురు ఆనించేవారు, ఎవరూ చూడట్లేదనుకుని.

ఇప్పుడు ఆ వాల్వు ఎండలో కాలుతుంది.
సత్యానందం అయినా డ్యూటీ ఎక్కగానే
దాని మీద అరచెయ్యి వేస్తాడు,
జ్వరం చూసినట్టు.

నెలనెలా కరెంటు బిల్లొస్తుంది.
మాకు. కరెంటు చేసేవాళ్ళకి.
ఈ లైట్లు, ఈ ఏసీ, దాన్ని తిప్పే ఈ చిన్న మోటారు,
అంతా కొన్న కరెంటే.

రాత్రి రెండింటికి కూలింగ్ టవర్ మెట్లెక్కితే
భవానీపురం, కొండ మీద దుర్గమ్మ, బ్యారేజీ,
నీళ్ళలో తలకిందులుగా మళ్ళీ బ్యారేజీ.
ఒక్కో దీపాన్నీ పేరు పెట్టి అడగాలనిపిస్తుంది,
నువ్వెవరి దానివి?

మూసిన గొట్టంలో కొంచెం పాత గ్యాసు
చిక్కుపడి ఉంది.
మధ్యాహ్నం ఎండకి ఉబ్బుతుంది,
ముల్లు ఒక గీత పైకి.
తెల్లవారుజామున ఒక గీత కిందకి.
అది ఎక్కడి నుంచీ రావడం కాదు,
సత్యానందానికీ తెలుసు.
అయినా మూడున్నరకి పిలుస్తాడు,
"సూడండి, ఊపిరి తీసుకుంటంది."

అరగంటయింది. మోటారు ఆపుతాను.
షాఫ్టు తనిష్టం వచ్చిన చోట ఆగకూడదు.
నిన్నటి సుద్దగీత వెతికి
దానికి సరిగ్గా ఎదురుగా ఆపాలి,
నిన్న కిందున్న వైపు ఇవాళ పైకి,
బరువు మోసిన వైపుకి కాస్త విశ్రాంతి.

పెన్ను రాయనంటే విదిలించి
గ్యాస్ ఫ్లో, లేదు, అని రాస్తాను.
రిమార్క్స్:
పిచ్చుకలు. రెండో పొదుగు.